పాత నీళ్లు

బీర్కూర్‌లో వాళ్ల పాలోళ్ల ఇళ్లలో ఎవరు పోయినా మూడోనాడు పొద్దున్నే హన్మాండ్లు వచ్చి తీరవలసిందే. పాలోళ్లంటే ఒకే ఇంటిపేరు వాళ్లు, చావుమైల పంచుకునేవాళ్లు. పిట్టకు, అంటే కాకికి పిండం పెట్టకముందే ఆ ఇంట్లో నిలవున్న నీళ్లన్నీ పారబోయాలని వాళ్ల కట్టడి. పోయినవాళ్ల నీడ నీళ్లలో నిలుస్తుందని, ఆ నీళ్లు ఉన్నన్నాళ్లు వాళ్లకు ఇల్లు విడిచి పోబుద్ధి కాదని నమ్మకం. ఇంటివాళ్లకు చేతులు రావు కాబట్టి బయటి చెయ్యి కావాలి. ఏళ్లకేళ్లుగా ఆ చెయ్యి హన్మాండ్లుది.

ఆయనకు ఆ పనంటే ఎక్కడలేని పట్టింపు. బిందెలు, బకెట్లు, గోలెం, దేవుడి దగ్గరి చెంబు, చివరికి ఫ్రిజ్‌లో సీసాలు కూడా వదిలేవాడు కాదు. మంచం కింద వంగి చూసేవాడు. అటక మీద చెయ్యి పెట్టి తడిమేవాడు. ఏడుస్తున్న ఇంట్లో ఒక మనిషి అంత పెత్తనం చేస్తుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కానీ మైల విషయంలో ఎదురుచెప్పే దమ్ము ఎవరికుంటుంది? వెనకాల మాత్రం నీళ్ల హన్మాండ్లు అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు ఒకనాడు ఆయన చెవిన పడింది. పడితే సిగ్గుపడాల్సింది పోయి, అదేదో సన్మానమైనట్టు మురిసిపోయాడు.

పెద్దనాయన కొడుకు బాలన్న భార్య లచ్చవ్వ పోయినప్పుడు కూడా ఇదే వరస. లచ్చవ్వ కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి ఒక చిన్న మట్టి గురిగిలో పెరుగు తోడు తెచ్చుకుంది. ఆ తోడుతోనే పాలు తోడుపెట్టి, ఆ పెరుగులోంచే మరునాటికి మళ్లీ తోడు తీసి, చచ్చేదాకా ఒక్కనాడూ తెగనివ్వలేదు. బాలన్న ఆ గురిగిని రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు.

"తమ్మీ, చెంచెడు తోడు ఇడిచిపెట్టు. దాని చేతి పెరుగు మల్ల దొర్కది."

"పెరుగుల నీళ్లుండయా అన్నా? సగం తీసి సగం ఉంచుతే సగం మైల పోతదా?" అని హన్మాండ్లు ఆ గురిగిని తీసుకుని మోరీలో బోర్లించాడు. ఆ తర్వాత బాలన్న ప్యాకెట్ పెరుగు కొనుక్కుని తినేవాడు, అది కూడా ఇష్టం లేకుండా.

హన్మాండ్లుకు ఒక్కగానొక్క కొడుకు నగేశ్. బాన్సువాడలో రైస్‌మిల్లు ఆఫీసులో కంప్యూటర్ మీద పని. బస్టాండు వెనక సందులో రెండు గదులు కిరాయికి తీసుకుని తల్లినీ తండ్రినీ బీర్కూర్ నుంచి తెచ్చుకున్నాడు. నస్రుల్లాబాద్ పిల్ల వర్షను పెళ్లి చేసుకున్నాడు. అంతా బాగానే ఉందనుకుంటుండగా నగేశ్ కాళ్లకు వాపొచ్చింది. దవాఖానకు పోతే కిడ్నీలు రెండూ పోయాయన్నారు. అప్పటినుంచి వారంలో మూడుమార్లు వెళ్లి, మిషన్‌కు కట్టించుకుని రక్తం కడిగించుకోవడమే బతుకైంది. ఆ రోగంలో అన్నిటికన్నా పాపిష్టి కట్టుబాటు నీళ్లది. ఒంట్లో చేరిన నీరు బయటికి పోదు కనుక రోజుకు ఇన్ని గుక్కలని కొలిచి ఇస్తారు. ఎండాకాలం నోరు పిడచగట్టుకుపోతుంటే కొడుకు మంచుముక్క చప్పరిస్తూ కూర్చునేవాడు. అది చూడలేక హన్మాండ్లు తనకు దాహమైతే వీధిచివరి హోటలుకు పోయి తాగి వచ్చేవాడు.

అలాంటి రోగంలో ఉన్న నగేశ్ ఒకనాడు నిజామాబాద్ నుంచి ఆటోలో ఒక అద్దాల తొట్టి దింపించాడు. దానికొక చిన్న మోటారు, మూలకొక డబ్బా, డబ్బాలో నల్లని స్పాంజి.

"ఏందిరా గిది?" అన్నాడు హన్మాండ్లు.

"నీళ్లు తాగద్దన్నరు బాపు. సూడద్దనలే గద."

ఆ మాటకు హన్మాండ్లు తొట్టిని ఒక పక్క పట్టి లోపలికి మోయించాడు. అయితే ఎగతాళి చేయకుండా ఉండటం ఆయన జాతకంలో లేదు. నగేశ్ తొట్టినిండా నీళ్లు పోసి, మోటారు పెట్టి, చేపలు లేకుండానే నెలపాటు ఆడించాడు. హన్మాండ్లు వచ్చేపోయేవాళ్లందరికీ అది చూపించి నవ్వించేవాడు.

"చేపల్లేని నీళ్లకు మిషినెందుకురా? నా మాటిని గోలెంల కట్టె పెట్టి కలుపు, మోటరు ఖర్సు తప్పుతది."

"కొత్త నీళ్లల్ల చేపలు బతకయి బాపు," అనేవాడు నగేశ్ ఓపిగ్గా. "అవి తిని ఏరిగిందే వాటికి ఇసమైతది. గా ఇసాన్ని తినే సన్నటి పురుగులుంటయి, మన కండ్లకు కనవడయి. అవి గీ స్పాంజిల ఇల్లు కట్టుకోవాలె. నెలవడతది. పెరుగుకు తోడుంటది సూడు, గట్లనుకో. తోడు పోతే మల్ల మొదటికే."

తోడు అనేసరికి హన్మాండ్లుకు బాలన్న చేతుల్లోని గురిగి కళ్లముందు మెదిలింది. బీడీ కావాలని లేచి బయటికి పోయాడు.

నెల తిరిగాక నాలుగు ఎర్ర చేపలొచ్చాయి, ఒక నల్ల చేప వచ్చింది. నల్లది బయటికి పొడుచుకొచ్చిన కళ్లతో, పొట్ట ముందుకు పెట్టి, తీరుబడిగా అటూ ఇటూ తిరిగేది. వర్ష దానికి పటేల్ అని పేరు పెట్టింది. మంజీర చేపల పులుసు తప్ప చేపతో వేరే పరిచయం లేని హన్మాండ్లు, మెల్లమెల్లగా పొద్దున లేవగానే పటేల్ మొహం చూడటం అలవాటు చేసుకున్నాడు. ఆదివారం వస్తే నగేశ్ మంచం మీద కూర్చుని చెప్పేవాడు, వర్షా హన్మాండ్లూ కలిసి చేసేవాళ్లు. మూడోవంతు నీళ్లే తీయాలి. నల్లా నీళ్లలో బ్లీచింగ్ వాసన ఉంటుంది కనుక ముందురోజే బకెట్లో పట్టి ఎండకు పెట్టి, వాసన పోయాక పోయాలి. స్పాంజిని నల్లా కింద పెట్టకూడదు. తీసిన పాత నీళ్లలోనే నెమ్మదిగా పిండి, మళ్లీ పెట్టేయాలి. తిండి చిటికెడు వేస్తే చాలు, మన కళ్లముందు తినేసేంత.

"ఎక్కువేస్తే ప్రేమ గాదు బాపు, సంపుడు," అనేవాడు.

ఈ పని మొదలుపెట్టాక నగేశ్ మొహంలో మళ్లీ కళ వచ్చింది. రక్తం కడిగించుకుని ఇంటికి వచ్చి, అలసిపోయి, ఆ తొట్టి ముందు కూర్చుంటే మనిషి నెమ్మదించేవాడు. వర్ష పక్కన కూర్చునేది. ఇద్దరూ మాట్లాడుకునేది తక్కువ. వాళ్లకు ఆ నీళ్లే సినిమా, ఆ నీళ్లే ఊరు. వంటగదిలోంచి తల్లి అంజవ్వ తొంగిచూసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ పొయ్యి దగ్గరికి పోయేది.

వానల్లో ఊపిరి అందక దవాఖానకు తీసుకుపోతున్నప్పుడు, ఆటో ఎక్కేముందు నగేశ్ తండ్రి భుజం పట్టుకున్నాడు.

"బాపు, చేపల్ని సూస్కో. నీళ్లు మొత్తం మాత్రం తియ్యకు."

"నువ్వొచ్చి నువ్వే సూస్కుందువు తియ్," అన్నాడు హన్మాండ్లు. సరే అని ఒక్క మాట అని ఉంటే పోయేదేముంది? అనలేదు. నగేశ్ తిరిగి రాలేదు.

మట్టికార్యం అయిపోయింది. ఇంటినిండా చుట్టాలు. వర్ష ఏడవలేదు. తొట్టి ముందు గోడకు ఆనుకుని కూర్చుంది. వేళకు లేచి చిటికెడు తిండి వేసేది, మళ్లీ కూర్చునేది. వాళ్లన్న నస్రుల్లాబాద్ నుంచి వచ్చాడు. దినాలైనంక చెల్లెలిని తీసుకుపోతామని పదిమందిలోనే అన్నాడు. అంజవ్వ గుండెలు బాదుకుంది. వర్ష అప్పుడు తలెత్తి, చచ్చిన గొంతుతో చెప్పింది.

"నేను రానన్నా. గీటిని ఎవరు సూస్తరు? ఆయన చేతుల్ల పెరిగినయి. ఇవి ఉన్నన్నొద్దులు నేనీడ్నే ఉంట."

ఆ మాట హన్మాండ్లు చెవిన పడింది. కొడుకు ఎలాగూ పోయాడు. ఈ పిల్లయినా ఇంట్లో తిరుగుతుంటే ఇల్లు ఇల్లులా ఉంటుంది. ఈ పిల్లను ఇక్కడ పట్టి ఉంచేది తానూ కాదు, అంజవ్వా కాదు. అయిదు చేపలు. ఆ చేపలను బతికించేది ఆ పాత నీళ్లు. ఆ నీళ్లను మూడోనాడు పారబోస్తారు. ఇది తలకెక్కేసరికి ఆయనకు చెమటలు పట్టాయి.

తనింట్లో తాను పారబోయకూడదు. ఆ పని బాలన్న మీద పడింది. బతిమాలి చూద్దామనుకున్నాడు హన్మాండ్లు. వినకపోతే స్పాంజినైనా ఎవరూ చూడకుండా తీసి దాస్తానని నిశ్చయించుకున్నాడు. ఇదంతా మనసులోనే. వర్ష పక్కన కూర్చుని, నేను దాస్త బిడ్డా, ఫికర్ పడకు అని అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ మంచాల కింద వంగి చూసిన మనిషి, నేనే దాస్తానని కోడలితో ఎలా చెప్తాడు? పెద్దరికం అడ్డం పడింది.

మూడోనాడు బీర్కూర్ నుంచి మొదటి బస్సుకే బాలన్న దిగాడు, వెంట నలుగురు పెద్దమనుషులు. బిందెలూ బకెట్లూ ముందు అయిపోయాయి. చేపలకోసం ఎండకు పెట్టిన బకెట్ నీళ్లు కూడా ఎవరో వాకిట్లో కుమ్మరించారు. అందరూ తొట్టి దగ్గరికి వచ్చారు. హన్మాండ్లు అడ్డంగా నిలబడ్డాడు.

"అన్నా, గీ నీళ్లు సగం తీద్దాం. సగం ఉండనియ్. చేపలు సస్తయి."

బాలన్న ఆయన మొహంలోకి చూశాడు. "సగం తీస్తే సగం మైల పోతదా తమ్మీ?"

హన్మాండ్లు చేపలవైపు చెయ్యి చూపించాడు. "పానమున్న జీవాలన్నా."

"మా ఇంట్ల గురిగి యాదికున్నదా? అండ్ల గూడ పానమే ఉండె. నలబై ఏండ్ల పానం." బాలన్న గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, తిరిగి అరవడానికి వీలుండేది. "నేను పగ తీర్సుకుంటలేను. ఇడిచిపెట్టాలనే ఉన్నది. గని నీకొక్కనికి ఇడిచిపెడితే, నువ్వు పారబోసిన ఇండ్లోళ్లందరికి ఏం చెప్పాలె చెప్పు?"

పెద్దమనుషులు తలలూపారు. వాళ్లలో ప్రతివాడి ఇంట్లోనూ హన్మాండ్లు ఏదో ఒకటి బోర్లించినవాడే. ఆయన పక్కకు తప్పుకున్నాడు. తప్పుకోక ఏం చేస్తాడు, వాళ్ల నోట్లో ఉన్న మాటలన్నీ ఆయన పెట్టినవే.

చేపల్ని ఒక గిన్నెలోకి ఎత్తారు. బాలన్న చెంబుతో నీళ్లు ముంచి బకెట్లో పోస్తుంటే, ఆ హడావుడిలో హన్మాండ్లు సాయం చేస్తున్నట్టు వంగి మూలనున్న డబ్బాలో చెయ్యి పెట్టాడు. డబ్బా ఖాళీగా ఉంది. అడుగుదాకా తడిమాడు. స్పాంజి లేదు. చుట్టూ చూశాడు. గిన్నెలు తోమే జాలాట్లో అంజవ్వ కొడుకు తొట్టిలోని గులకరాళ్లను కొబ్బరిపీచుతో తళతళలాడేలా తోముతోంది, ఏడుస్తూ తోముతోంది. స్పాంజి కూడా అలాగే మోరీలో పోయిందనుకున్నాడు. బయటికి వెళ్లి మోరీ వెంబడి వంగి వంగి వెతికాడు. చూసినవాళ్లు కొడుకు పోయిన దుఃఖంలో ఏదో చేస్తున్నాడనుకున్నారు.

గిన్నెలో చేపలు నోళ్లు తెరుస్తున్నాయి. ఇక ఆగడానికి లేదు. నల్లా తిప్పి కొత్త నీళ్లు పట్టి పోశారు. బ్లీచింగ్ వాసన గది అంతా కొట్టింది. చేపల్ని వదిలారు. అవి గిరగిరా తిరిగాయి.

"సూడు, మంచిగనే ఉన్నయి. ఉత్తగ ఫికర్ జేస్తివి," అన్నాడు బాలన్న, నిజంగానే ఊరటపడుతూ.

తర్వాత వర్షతో సహా అందరూ పిట్టకు పెట్టడానికి వాగు ఒడ్డుకు పోయారు. విస్తరిలో నగేశ్‌కు ఇష్టమైనవన్నీ పెట్టారు, గ్లాసునిండా నీళ్లు కూడా. కాకి రాలేదు. ఎదురుచూసి ఎదురుచూసి ఒక్కొక్కరే ముందుకొచ్చి మాటిచ్చారు. నీ పెండ్లానికి ఏం తక్కువ కానియ్యమన్నారు. నీ అవ్వను మంచిగ చూసుకుంటామన్నారు. కాకి చెట్టు మీదే ఉంది. ఆఖరికి హన్మాండ్లు చేతులు జోడించాడు.

"నగేశా, నీ చేపల్ని సంపనియ్య బిడ్డా. నీ తోడు."

కాకి దిగి మెతుకు ముట్టింది. అందరూ దండం పెట్టుకున్నారు. హన్మాండ్లు అక్కడే కూలబడి, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. మాటిచ్చాడు కానీ, దాన్ని నిలబెట్టే వస్తువు అప్పటికే చేయి జారిపోయిందని ఆయనొక్కడికే తెలుసు.

ఆనాటి నుంచి ఆయన తొట్టి ముందు చాప వేసుకున్నాడు. తిండి అక్కడే, పడక అక్కడే. బకెట్లు ఎండకు పెట్టి, పూటపూటా కొంచెం నీళ్లు తీసి కొంచెం పోశాడు. కొడుకు చెప్పినవన్నీ గుర్తు తెచ్చుకుని ఒక్కటీ తప్పకుండా చేశాడు. మాటిమాటికి డబ్బా దగ్గర వంగి, మోటారు ఆడుతోందా అని చూసేవాడు. వచ్చినవాళ్లు పోయినోడి చేపలని ప్రేమకొద్దీ చేతినిండా తిండి వేయబోతే కసిరేవాడు. వర్ష గడప దగ్గర కూర్చుని ఆయన్నే చూస్తుండేది. ఆమె చేతులు ఒళ్లో ముడుచుకుని ఉండేవి. నడుమ నడుమ లేచి తొట్టిదాకా వచ్చి, ఆయన కదలకపోవడం చూసి, మళ్లీ వెనక్కి పోయి కూర్చునేది. పాపం పిల్ల చేపల్ని చూద్దామని వస్తోందనుకున్నాడాయన.

నల్లా నీళ్ల ఘాటుకు మొదటే చేపల మొప్పలు ఎర్రబడ్డాయి. తర్వాత అవి పైకి తేలి, నీటి అంచున నోళ్లు పెట్టి గుటకలు మింగడం మొదలుపెట్టాయి. రెక్కలు ఒంటికి అంటుకుపోయాయి. నీళ్లు చూడటానికి మాత్రం అద్దంలా ఉన్నాయి. నగేశ్ చెప్పిన విషం కంటికి కనపడేది కాదు. ఒకరోజు ఒక ఎర్ర చేప, మర్నాడు రెండు. దినాల నాటికి నాలుగో ఎర్రదీ వెల్లకిలా తేలింది. దినాల భోజనాలు నడుస్తుండగా హన్మాండ్లు దాన్ని గుడ్డముక్కలో చుట్టి పెరట్లో జామచెట్టు కింద పాతి, చేతులు కడుక్కుని వచ్చి, పదిమందికి వడ్డించాడు.

చుట్టాలు వెళ్లిపోయారు. పటేల్ ఒక్కటే మిగిలింది. అడుగున ఒక పక్కకు ఒరిగి, లేవబోయి, మళ్లీ ఒరుగుతోంది. ఆ మధ్యాహ్నం వర్ష లోపలి గదిలోకి పోయి, తన బట్టల పెట్టెలోంచి ఒక స్టీలు డబ్బా తెచ్చి మామ ముందు పెట్టింది. నగేశ్ మిల్లుకు అన్నం తీసుకుపోయే డబ్బా. మూత గట్టిగా బిగించి ఉంది.

"తిట్టినా సరే, కొట్టినా సరే మామా. దీన్ని ఒక్కసారి పెట్టనియ్యి."

మూత తీసింది. మురిగిన గుడ్డు వాసన గుప్పుమంది. చీకటి రంగు తిరిగిన నీళ్లలో నల్లని స్పాంజి.

హన్మాండ్లు దాని వంక చూశాడు, ఆమె వంక చూశాడు.

"ఎన్నడు తీసినవ్ బిడ్డా?"

"ఆయన్ని తీస్కపోయిన నాడే. మూడోనాడు అన్ని పారబోస్తరని తెల్సు గద. మీరందరు కాటికాడున్నప్పుడు తీసి దాసిన."

"గాలి లేకుండ మూత పెడితే గా పురుగులు బతకయి గద."

"తెల్సు మామా. ఆయన చెప్పిండు. ఒక్క రోజుకే అనుకున్న. నీళ్లు మార్సినంక, నువ్వటు పోంగనే పెట్టేద్దామనుకున్న. నువ్వు గాడ్నించి లెవ్వకపోతివి, లేస్తే సుట్టాలు గాడ్నే ఉండిరి. డబ్బకాడ వంగి వంగి సూడవడితివి. నా మీద అనుమానమొచ్చి కావలి కూసున్నవనుకున్న."

"నాకు చెప్పకపోతివి బిడ్డా!"

"నీకెట్ల చెప్త మామా?"

అందులో నిష్ఠూరం లేదు. అడగకూడనిదేదో అడిగినట్టు ఆమె ఆశ్చర్యంగా ఆయన మొహం చూసింది. ఆ చూపుకన్నా చెంపదెబ్బ నయం. హన్మాండ్లు రెండు చేతులూ చాచాడు.

"నేను గూడ దాద్దామనుకున్న బిడ్డా. నీ మీద ఒట్టు. నేను చెయ్యి పెట్టేటాళ్లకు స్పాంజి లేకుండె. కావలి కాదు బిడ్డా, నేను వాటిని బతికియ్యాలెనని కూసున్న."

"అట్లనా మామా," అంది వర్ష. పెద్దవాళ్లు ఏదైనా అంటే కోడళ్లు అనే మాట అది. నమ్మినట్టు లేదు, నమ్మాలన్న కోరిక కూడా లేదు.

వాసన పోయేదాకా స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలో పిండి, డబ్బాలో పెట్టారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూశారు. నగేశ్ పోయాక ఆ మామాకోడళ్లు ఒక్క పనిలో కలిసి కూర్చున్నది అప్పుడే. ఆమె బట్టల పెట్టె ఉన్న గదికీ, ఆయన చాపకూ మధ్య ఒక్క గోడ. ఆ గోడకు అటొకరు ఇటొకరు ఉండి, ఇద్దరూ ఒకే పనికోసం కొట్టుకులాడి, చేజేతులా చంపుకున్నారు. మర్నాడు పొద్దున హన్మాండ్లు పటేల్ మొహం చూడటానికి లేచేసరికి అది కళ్లు తెరుచుకునే ఉంది, కానీ కదల్లేదు. చేపలకు రెప్పలు ఉండవు కదా, నిద్రపోతోందేమో అని కాసేపు ఆశపడ్డాడు.

వర్ష ఆ వారంలోనే వెళ్లిపోయింది. వాళ్లన్న వచ్చి పెట్టె మోశాడు. అంజవ్వ కాళ్లావేళ్లా పడింది. నగేశ్ చేసిన మిల్లు పనే ఉందిగా, ఇక్కడే ఉండి చేసుకోమంది. వర్ష అత్తను పట్టుకుని అప్పుడు ఏడ్చింది, ఇన్నాళ్లదీ కలిపి ఏడ్చింది. మామకు మాత్రం వంగి దండం పెట్టింది. హన్మాండ్లు బస్సుదాకా వెళ్లాడు. బస్సు కదిలేదాకా కిటికీ కమ్మి పట్టుకుని నిలబడ్డాడు. ఇంటికి వచ్చాక అంజవ్వ ఆయనతో మాట్లాడటం మానేసింది. అన్నం పెడుతుంది, అంతే.

కొన్నాళ్లకు బాలన్న ఫోన్ చేశాడు. బీర్కూర్‌లో పాలోళ్లలో ఒక పిల్లవాడు, ట్రాక్టర్ నడిపేవాడు, పొలంగట్టు మీద బోల్తాపడి పోయాడు.

"మూడోనాడు రావాలె తమ్మీ. నీ మనసు మంచిగ లేకుంటే ఇంకొగరిని సూస్త."

వద్దనబోయాడు హన్మాండ్లు. తాను పోకపోతే ఇంకెవడో పోతాడు, వాడు మంచం కింద వంగి చూస్తాడు. తానైతే చూడకుండా వదలొచ్చు. ఆ ఆలోచన రాగానే, చాలా రోజుల తర్వాత ఆయన గుండె కొంచెం తేలికైంది. వస్తానన్నాడు.

ఆ ఇంట్లో పోయినవాడి పెళ్లాం లోపలి గది తలుపుకు వీపు ఆనించి నిలబడి ఉంది. చిన్నపిల్ల. వర్షకన్నా చిన్నది. హన్మాండ్లు గడపలో అడుగు పెట్టగానే ఆమె మొహం మారిపోయింది. ఆ చూపు ఆయనకు కొత్త కాదు. ఏళ్లకేళ్లుగా ఇంటింటా చూసిన చూపే. ఇన్నేళ్లూ దాన్ని ఆయన మర్యాద అనుకున్నాడు.

బిందెలు బయటికి మోయమని అందర్నీ వాకిట్లోకి పంపించాడు. ఆమె దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి, ఎంత మెత్తగా అనగలడో అంత మెత్తగా అన్నాడు.

"బిడ్డా, లోపల ఏమన్న దాసుకునేది ఉన్నదా? ఉంటే…"

ఆయన మాట పూర్తి కానేలేదు. ఆమె తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తింది. పరుపు కిందినుంచి ఒక ప్లాస్టిక్ సీసా తీసుకుని వచ్చింది. పొలానికి తీసుకుపోయే సీసా, సగం తాగి ఉంది. మూతమీద ఇంకా మట్టి అంటి ఉంది.

"తప్పయింది మామా. గిదొక్కటే. ఆయన తాగంగ మిగిలినయి. ఎవరికి చెప్పకుండ్రి."

"అద్దు బిడ్డా, ఉంచుకో… నేను ఉంచుకొమ్మనే…"

ఆయన చెయ్యి చాచేలోపలే, ఆ చెయ్యి లాక్కోవడానికే వస్తోందనుకుని, ఆమె మూత తిప్పి సీసాను ఆయన కాళ్ల దగ్గర బోర్లించింది. చివరి చుక్క దాకా దులిపి, ఖాళీ సీసా ఆయనకు చూపించింది.